ఏడు ఇస్తే ఆరు

కృష్ణకు ఈ ఒడ్డున సర్కారు రూపాయి, ఆ ఒడ్డున హాలీ సిక్కా. స్వతంత్ర దేశం కావాలనుకుని కాలేకపోయిన ఒక రాజ్యం డబ్బు ఎలా సెలవు తీసుకుందో పల్నాడు రేవు నుంచి చూసిన కథ ఇది.

పొందుగల దగ్గర కృష్ణ దాటే లారీ డ్రైవరు డబ్బు గురించి ఆలోచించాల్సిన పని లేదు. గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు ఎత్తించుకుని బయల్దేరినవాడు, ఇక్కడ తీసుకున్న నోటునే వాడపల్లిలో టీకి ఇస్తాడు, మిర్యాలగూడలో డీజిలుకు ఇస్తాడు. 1940ల్లో ఇదే రేవులో పడవ దిగినవాడికి ఆ సుఖం లేదు. ఈవల పల్నాడు తాలూకా, మద్రాసు ప్రెసిడెన్సీ, జార్జి రాజు బొమ్మ ఉన్న సర్కారు రూపాయి. ఆవల నల్లగొండ జిల్లా, నిజాం రాజ్యం, చార్మినార్ బొమ్మ ఉన్న హాలీ రూపాయి. రెండింటికీ పేరు రూపాయే, రెండింటికీ పదహారణాలే. కానీ వంద సర్కారు రూపాయలు కావాలంటే నూట పదహారు హాలీ రూపాయలు పోసి, ఆపైన పదణాల ఎనిమిది పైలు కలపాలి.

మామూలు జనానికి ఆ లెక్క ఇంకా పొట్టిది. ఏడు హాలీ ఇస్తే ఆరు సర్కారువి.

కాగితం మీద ఇదొక చిన్న భిన్నం. చేతిలో డబ్బు పట్టుకుని రేవు దాటేవాడికి మాత్రం అడుగడుగునా అడ్డం పడే లెక్క. అవతలి ఒడ్డు రైతు ఒక మేకపోతును ముప్పై అయిదు హాలీకి చెప్పాడనుకోండి. దాచేపల్లి నుంచి వెళ్లినవాడికి అది సరిగ్గా ముప్పై రూపాయలు. అదే బేరం ముప్పై మూడు దగ్గర తెగితే? ఇరవై ఎనిమిది రూపాయల నాలుగణాల ఏడు పైలకు కాస్త తక్కువ. ఆ కాస్త ఎవరికి పోతుంది? లెక్క వచ్చినవాడికి. మారకం వేసే సాహుకారు తన వట్టం, అంటే మారకపు కోత, పట్టుకున్నాక మిగిలిందే రైతు మూటలోకి చేరేది. పెద్ద వ్యాపారికి ఈ ముక్కలు ఏడాది చివర లెక్కలో కలిసిపోతాయి. సంతకు రెండు గంపల ఎండుమిరపకాయలు తెచ్చుకున్న మనిషికి ఆ ముక్కలోనే ఆ పూట ఉప్పు, కిరసనాయిలు ఉన్నాయి.

డబ్బు మారడం ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. నిజాం రాజ్యానికి సొంత సరిహద్దు సుంకాల శాఖ ఉండేది, దాని పేరు కరోడ్‌గిరి. సరిహద్దు దాటే సరుకు మీద నాకా దగ్గర సుంకం కట్టాలి. ఒకే భాష, ఒకే పంట, ఒకే చుట్టరికాలు ఉన్న రెండు ఒడ్లు ఇవి. మట్టపల్లి నరసింహస్వామిని కొలిచేవాళ్లు నదికి రెండు పక్కలా ఉన్నారు. తంగెడ నుంచి మట్టపల్లికి దర్శనానికి వెళ్లే కుటుంబం దేశం దాటినట్టు దాటాల్సి వచ్చేది.

నది ఇలా సరిహద్దు కావడం అనాదిగా ఉన్నదేమీ కాదు. గుంటూరు సర్కారు అనే ప్రాంతం కూడా ఒకప్పుడు హైదరాబాదు వారిదే. అప్పటి హైదరాబాదు పాలకుడు నిజాం అలీ ఖాన్ సోదరుడు బసాలత్ జంగ్ చనిపోయాక, 1788లో అది ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. ఆర్కాటు నవాబు కింద ఉన్న పల్నాడు 1801లో వచ్చింది. కొత్త దొరలు మొదట పాత వరహాలు, రూకలు, కాసుల్లోనే లెక్కలు నడిపారు. 1818లో మద్రాసు ప్రభుత్వం వరహాను పక్కన పెట్టి వెండి రూపాయికి మారింది. వంద వరహాలకు మూడు వందల యాభై రూపాయలు. అంటే మన నల్లరేగడి నేలల్లో శిస్తు కట్టే రైతు తాత ముత్తాతల లెక్కను వదిలి కొత్త లెక్క నేర్చుకోవడం 1950ల్లోనే మొదటిసారి కాదు.

నోటు పుట్టుక

హైదరాబాదు కాగితం నోటు మొదటి ప్రపంచ యుద్ధం బిడ్డ. సంస్థానాలు సొంతంగా నోట్లు వేసుకోవడం బ్రిటిష్ వారికి ఇష్టం ఉండేది కాదు. వెండి నాణెం అయితే దాని బరువే దానికి హామీ. నోటు వెనక ఉండేది రాజ్యం మాట. ఆ మాట ఇచ్చే అధికారం మరొకరికి ఎందుకు వదులుకుంటారు? కానీ 1917, 1918 నాటికి వెండి కరువొచ్చింది. బ్రిటిష్ ఇండియా ప్రభుత్వమే 1917 నవంబరులో ఒక రూపాయి కాగితం నోటు తెచ్చుకోవాల్సి వచ్చింది. యుద్ధానికి నిజాం ఇచ్చిన సాయం సంగతీ ఉంది. ఈ రెండూ కలిసి 1918లో దారి తెరిచాయి. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ప్రభుత్వం హైదరాబాద్ కరెన్సీ చట్టం చేసి పది రూపాయలు, వంద రూపాయల నోట్లు వేసింది. మరుసటి ఏడు ఒకటి, ఐదు వచ్చాయి, 1926లో వెయ్యి. జనం హాలీ అన్న ఆ డబ్బుకు అధికారికంగా పేరు ఉస్మానియా సిక్కా. మొదట్లో ఇంగ్లండులో వాటర్లో కంపెనీ ముద్రించేది, తర్వాత ఆ పని నాసిక్ ప్రెస్సుకు మారింది.

ఆ నోట్లను నేను ఎప్పుడు చూసినా కళ్లు ముందు వెతికేది తెలుగు అక్షరాల కోసమే. పాలన ఉర్దూలో, కచేరీ ఉర్దూలో, చదువు ఉర్దూలో సాగిన రాజ్యం అది. అయినా నోటు మీద ఉర్దూతో పాటు తెలుగు, కన్నడం, మరాఠీ ఉన్నాయి. రాజ్యం తన ప్రజల భాషల్ని బడిలో ఎంత చిన్నచూపు చూసినా, డబ్బు మీద మాత్రం వాటిని పలకరించక తప్పలేదు. చేతిలోని కాగితం విలువ ఎంతో పాలేరుకూ గొల్లవాడికీ తెలియకపోతే ఆ కాగితం చెల్లదు మరి. సోవియట్ యూనియన్ 1961 నాటి రూబుల్ నోట్ల మీద పదిహేను రిపబ్లిక్కుల పదిహేను భాషల్లో విలువ అచ్చు వేయడానికీ కారణం ఇంచుమించు ఇదే. ఆ పదిహేను భాషలూ తర్వాత పదిహేను దేశాలయ్యాయి. ఆ సంగతికి మళ్లీ వస్తాను, ఎందుకంటే ఒంగోలు పొగాకు రైతుకు ఆ కథలో వాటా ఉంది.

1941లో చట్టం చేసి, మరుసటి ఏడు హైదరాబాద్ స్టేట్ బ్యాంకు తెరిచారు. ఉస్మానియా సిక్కా నిర్వహణ దాని బాధ్యతల్లో ఒకటి. మన తరానికి స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్‌గా తెలిసి, 2017 ఏప్రిల్ 1న భారతీయ స్టేట్ బ్యాంకులో కలిసిపోయిన బ్యాంకు అదే. సొంత నోటు, సొంత టంకశాల, సొంత బ్యాంకు, సొంత సుంకాలు. స్వతంత్ర దేశమని చెప్పుకోవడానికి కావలసిన సరంజామా 1947 నాటికి హైదరాబాదు దగ్గర చాలావరకు సిద్ధంగా ఉంది.

పదమూడు నెలలు

1947 ఆగస్టు 15 తెల్లారి గుంటూరులో జెండా మారింది. జేబులో డబ్బు మారలేదు. నోటు మీద జార్జి రాజు అలాగే ఉన్నాడు. స్వతంత్ర భారత ప్రభుత్వం రాజు బొమ్మ తీసేసి సారనాథ్ సింహాలతో ఒక రూపాయి నోటు తెచ్చింది 1949లో. ముందు గాంధీ బొమ్మ అనుకుని నమూనాలు కూడా గీయించి, చివరికి సింహాల దగ్గర ఆగారు. సింహాల నాణేలు వచ్చింది 1950 ఆగస్టు 15న. అంటే గణతంత్రం వచ్చిన తర్వాత కూడా కొంతకాలం పత్తి తీత కూలీ పాత రాజు తలతోనే ముట్టింది. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదని నా అభిప్రాయం. తల మార్చడానికి తొందరపడి కూలీ చేతిలో డబ్బును అనుమానంలోకి నెట్టకపోవడం మంచి పని.

పాకిస్తాన్ కూడా అదే దారి పట్టింది. మన రిజర్వు బ్యాంకే కొన్నాళ్లు దానికీ బ్యాంకుగా పనిచేసింది. 1948 ఏప్రిల్ నుంచి అక్కడ చెలామణి అయినవి జార్జి రాజు నోట్లే, వాటి మీద పాకిస్తాన్ ప్రభుత్వం అనే ముద్ర అదనం.

హైదరాబాదు ఇంకో దారి తొక్కింది. నిజాం ఏ దేశంలోనూ చేరనన్నాడు. 1947 నవంబరు 29న భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం కుదిరింది. సిరా ఆరిందో లేదో, హైదరాబాదు ప్రధాని లాయక్ అలీ ప్రభుత్వం రెండు ఆర్డినెన్సులు తెచ్చింది. ఒకటి, బంగారం వెండి లాంటి విలువైన లోహాలు రాజ్యం దాటి భారతదేశంలోకి వెళ్లకూడదు. రెండోది, భారత కరెన్సీ ఇక హైదరాబాదులో చట్టబద్ధంగా చెల్లదు. ఇరవై కోట్ల రూపాయల విలువైన భారత ప్రభుత్వ సెక్యూరిటీలను పాకిస్తాన్‌కు అప్పుగా ఇచ్చిన సంగతి కూడా అప్పుడే బయటపడింది. ఢిల్లీలో సంస్థానాల శాఖ కార్యదర్శి వి.పి. మేనన్ బృందం వీటిని ఒప్పందానికి ద్రోహంగానే చూసింది. చరిత్ర పుస్తకాల్లో ఈ కథ ఎక్కువగా పటేల్, నిజాం, రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీల మధ్య నడుస్తుంది. రెండో ఆర్డినెన్సు పొందుగల రేవులో ఏం చేసి ఉంటుందో ఆలోచించండి. నిన్నటిదాకా వట్టం పోయినా చెల్లిన సర్కారు రూపాయి, ఇవాళ అవతలి ఒడ్డున చట్టం దృష్టిలో డబ్బే కాదు.

ఇటు నుంచి అటు వెళ్లేవాళ్లకన్నా అటు నుంచి ఇటు వచ్చేవాళ్ల కష్టం ఎన్నో రెట్లు పెద్దది. రజాకార్ల దాడులకు తట్టుకోలేక నల్లగొండ, వరంగల్, ఖమ్మం పల్లెల జనం కృష్ణా, గుంటూరు జిల్లాల్లోకి తరలివచ్చారు. ఇల్లు వదిలి అర్ధరాత్రి బయల్దేరేవాళ్లు ఏం తెచ్చుకోగలరు? ఒంటి మీద నగ, కొంగున కట్టిన హాలీ డబ్బు. విలువైన లోహాలు దాటించడం నిషేధం. హాలీ నోటు ఈ ఒడ్డున సర్కారు డబ్బు కాదు. రేపు ఆ రాజ్యమే ఉంటుందో లేదో తెలియని రోజుల్లో దాన్ని ఎవరైనా ఏడుకు ఆరు చొప్పున తీసుకుంటారా? ధర్మాత్ములు తీసుకుని ఉంటారు. బేరం ఆడినవాళ్లూ ఉంటారు. ఏ గెజిట్‌లోనూ లేని నష్టం ఇది, దీని మొత్తం ఇక ఎప్పటికీ తేలదు.

ఆ నోటు వెనక నిలబడ్డ పెద్దల దారులు వేరేగా సాగాయి. 1940ల్లో హైదరాబాదు ఆర్థిక మంత్రులుగా పనిచేసిన వారిలో గులాం ముహమ్మద్ ఒకరు, జాహిద్ హుసేన్ ఒకరు. గులాం ముహమ్మద్ పాకిస్తాన్ తొలి ఆర్థిక మంత్రి, తర్వాత గవర్నర్ జనరల్ అయ్యాడు. జాహిద్ హుసేన్ ఆ దేశపు స్టేట్ బ్యాంకుకు తొలి గవర్నర్. లండన్ బ్యాంకుకు 1948 సెప్టెంబరులో తరలిన నిజాం డబ్బు, పది లక్షల పౌండ్ల పైచిలుకు, డెబ్బయ్యేళ్లు వ్యాజ్యంలో నలిగి 2019 అక్టోబరులో తీర్పుకు వచ్చింది. పెద్ద డబ్బుకు ఎంత ఆలస్యమైనా న్యాయస్థానం ఉంటుంది. రేవు దాటిన మూటకు అదీ లేదు.

ఓడిన రాజ్యం నోటు

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది, 17న నిజాం చేతులెత్తేశాడు. ఇక ఆ నోట్ల సంగతి?

ఓడిన రాజ్యం డబ్బుకు మామూలుగా పట్టే గతి మన తెలుగువాళ్లకు అంతకు మూడేళ్ల ముందే తెలుసు. బర్మాలో జపాన్ వాళ్లు గుట్టలుగా రూపాయి నోట్లు అచ్చువేసి చెలామణి చేశారు. 1945లో బ్రిటిష్ వాళ్లు తిరిగి రాగానే అవి చెల్లవన్నారు. రంగూన్‌లో మిగిలిపోయిన తెలుగు కూలీలు, చిన్న వ్యాపారులు జపాన్ ఏలుబడిలో కూడబెట్టుకున్నదంతా ఒక్క ప్రకటనతో చెత్తకాగితమైంది.

హైదరాబాదులో అలా జరగలేదు, ఈ కథలో నాకు అన్నిటికన్నా విలువైన సంగతి ఇదే. గెలిచిన ప్రభుత్వం ఓడిన ప్రభుత్వపు నోటును రద్దు చేయలేదు, రేటు తగ్గించలేదు. ఏడుకు ఆరు అలాగే ఉంచింది. 1950లో భారత రూపాయిని హాలీ పక్కన ప్రవేశపెట్టారు. ఆ ఏడాదే సైఫాబాదు టంకశాల భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. 1951లో హాలీ జారీ ఆగింది. పాత నోటు, పాత నాణెం మాత్రం ఏళ్ల తరబడి చేతులు మారుతూ, ఖజానాలకు చేరుతూ, మెల్లమెల్లగా తగ్గుతూ వచ్చాయి. హాలీ కథ పూర్తిగా ముగిసేసరికి 1959. శిస్తులు, జీతాలు, ఫీజులు, జరిమానాలు, తాకట్టు పత్రాలు అన్నీ ఈలోగా ఏడుకు ఆరు చొప్పున తిరగరాసుకోవాల్సి వచ్చింది. దానికి టైము దొరికింది. సంతకు నెలకోసారి వచ్చే లంబాడీ తండా మనిషికీ, తిరగలి కింద గోతిలో డబ్బు దాచుకున్న ముసలమ్మకూ కబురు చేరడానికి టైము దొరికింది.

ఇందులో ఎవరి ఉదారత ఎంత, ప్రభుత్వ అవసరం ఎంత అని విడదీయడం కష్టం. కొత్తగా కలిసిన ప్రాంతంలో, తెలంగాణ సాయుధ పోరాటం ఇంకా నడుస్తున్న పల్లెల్లో, జనం చేతి డబ్బును చంపేసి ఏ ప్రభుత్వమూ నిలబడలేదు. కారణం ఏదైనా ఫలితం మంచిది. సైన్యం ఐదు రోజుల్లో ముగించిన పనికి ఖజానా తొందర పడకుండా ఏళ్లు తీసుకుంది.

ఆ ఏళ్లలోనే మన వైపు కూడా భూమి కదిలింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, 1954లో దాని హైకోర్టు గుంటూరులో కూర్చుంది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడగానే హైకోర్టు హైదరాబాదుకు తరలింది. కట్టలు కట్టిన కేసు కాగితాలతో పాటు గుంటూరు గుమాస్తాలూ వకీళ్లూ వెళ్లారు. అక్కడ పాతబస్తీ కొట్టు యజమాని మాటల్లో హాలీ లెక్క ఇంకా వాడిపోలేదు. వీళ్లకు అణాలు, బేడలు, పావలాలు. సరిగ్గా అయిదు నెలలకు, 1957 ఏప్రిల్ 1న, దేశమంతటా కొత్త పైసలు వచ్చాయి. రూపాయికి వంద. అణా అంటే ఆరుంబావు పైసలు. ఎవరైనా పెద్దాయన పాత అలవాటు కొద్దీ హాలీ అణా అంటే? సర్కారు అణాలో ఏడో వంతు తీసేయాలి, అయిదు పైసల పైన మూడో వంతు కన్నా కొంచెం ఎక్కువ. ఒకే రాష్ట్రంలో, ఒకే తరం నోళ్లలో, మూడు రకాల రూపాయలు. బడిపిల్లలు ఇంట్లో పెద్దవాళ్లకు లెక్క చెప్పాల్సిన కాలం అది. తగాదాలు పడ్డారు, మోసపోయారు, మరిచిపోయారు. అయినా ఎవరి డబ్బూ రాత్రికి రాత్రి చచ్చిపోలేదు.

పొగాకు చెప్పిన రూబుల్ కథ

డబ్బు చచ్చిపోవడం అంటే ఏమిటో మనకు 1990ల్లో వేరే దేశం నుంచి తెలిసింది.

ఒంగోలు, టంగుటూరు, కొండపి, కందుకూరు చుట్టుపక్కల వర్జీనియా పొగాకు కాల్చే ప్రతి బ్యారన్‌కూ సోవియట్ యూనియన్‌తో బంధం ఉండేది. మన పొగాకును అతి పెద్ద ఎత్తున కొన్నవాళ్లలో ఆ దేశం ఒకటి. డాలర్లతో పని లేకుండా రూపాయల్లో జమాఖర్చులు రాసుకునే వర్తకం అది. గుంటూరులోని పొగాకు బోర్డు నడిపే వేలంలో ధర ఎలా పలుకుతుందన్నది మాస్కో కొనుగోళ్ల మీద చాలావరకు ఆధారపడేది. 1991 డిసెంబరులో ఆ దేశం లేకుండా పోయింది. ఎవరు కొంటారు, ఏ డబ్బుతో కడతారు, పాత అప్పును ఏ రేటున లెక్కగడతారు? వీటికి జవాబు లేని రోజుల్లో రైతు మాత్రం బేళ్లు కట్టి కూర్చున్నాడు. మాగిన ఆకు జవాబు వచ్చేదాకా ఆగదు.

అక్కడి జనం పాట్లు ఇంకా దారుణం. దేశం విడిపోకముందే, 1991 జనవరి 22 రాత్రి టీవీలో ప్రకటన చేసి యాభై, వంద రూబుళ్ల పాత నోట్లను రద్దు చేశారు. మార్చుకోవడానికి మూడు రోజులు. విడిపోయాక ఒక్కో దేశం ఒక్కో తాత్కాలిక నోటుతో గడిపింది. ఉక్రెయిన్ 1992 జనవరిలో కూపన్ నోట్లు తెచ్చింది. మరుసటి ఏడాది ధరలు వంద రెట్లకు పైగా పెరిగాయి. 1996 సెప్టెంబరులో అసలు నోటు హ్రివ్నియా వచ్చేసరికి, ఒక్క హ్రివ్నియాకు లక్ష కూపన్లు ఇవ్వాలి. జార్జియాలో ఇంకా ఘోరం. 1993లో వచ్చిన కూపన్లు 1995లో లారీ అనే కొత్త నోటుకు పది లక్షల చొప్పున పోయాయి. కిర్గిజ్‌స్తాన్ 1993 మేలో రెండు వందల రూబుళ్లకు ఒక సోమ్ ఇచ్చింది. కజకిస్తాన్ ఆ నవంబరులో ఐదు వందల రూబుళ్లకు ఒక టెంగే. 1993 జులైలో రష్యా తన పాత నోట్లను రెండు రోజుల నోటీసుతో చెల్లవంది. జనం గగ్గోలు పెట్టాక గడువూ పరిమితీ పెంచింది. ఆ కూపన్ నోట్లలో కొన్ని చూడటానికి బస్సు టికెట్ల కన్నా నాసిగా ఉండేవి. ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీలో పనిచేసి పింఛను దాచుకున్న మనిషి ఆ టికెట్లు పట్టుకుని రొట్టె దుకాణం ముందు నిలబడ్డాడు.

ఇవాళ నరసరావుపేట, చిలకలూరిపేట, ఒంగోలు ఇళ్ల నుంచి ఎంబీబీఎస్ చదవడానికి బిష్కెక్‌కూ తిబిలిసీకీ పిల్లలు వెళ్తున్నారు. ఫీజు లెక్కల్లో సోమ్, లారీ అనే పేర్లు మన పొలంగట్ల మీద కూడా వినిపిస్తున్నాయి. ఆ నోట్లు మన పిల్లల వయసున్న వాళ్లు ఏ స్థితిలో మొదటిసారి పట్టుకున్నారో ఆ పిల్లలకు ఎవరైనా చెబితే బాగుండును.

మాస్కోతో మన లెక్క తెగడానికి 1993 జనవరి దాకా పట్టింది. రష్యా అధ్యక్షుడు యెల్ట్‌సిన్ ఢిల్లీ వచ్చాడు. ఎదురుగా కూర్చున్న ప్రధాని పి.వి. నరసింహారావు. మనం బాకీ పడింది దాదాపు వెయ్యి కోట్ల రూబుళ్లు. పాత ఒప్పందాల రేటు పట్టుకుంటే ఒక్కో రూబుల్‌కు ముప్పై రూపాయల పైమాట. బజారు రేటు పట్టుకుంటే పైసలు. చివరికి నడిమధ్య ఒక రేటు ఒప్పుకుని బాకీని రెండు భాగాలు చేశారు. పెద్ద భాగం 12 ఏళ్లలో, మిగతాది వడ్డీ లేకుండా 45 ఏళ్లలో. మనం రూపాయల్లో కడతాం, ఆ రూపాయలతో రష్యా మన సరుకు కొంటుంది. బజారు రేటుకే పట్టుబట్టి ఉండాల్సిందని అప్పుడూ విమర్శించారు, ఇప్పుడూ విమర్శిస్తారు. నాకు మాత్రం ఆ గదిలో ఇంకో సంగతి కనిపిస్తుంది. పి.వి. పుట్టింది 1921లో వరంగల్ దగ్గర లక్నేపల్లిలో. హాలీ సిక్కాతో పెరిగిన మనిషి. 1947, 48లో నిజాం మీద పోరాటంలో చాందా సరిహద్దు శిబిరంలో పనిచేసినవాడు. ఒక రాజ్యం పోయాక దాని డబ్బును ఏం చేయాలన్న ప్రశ్నను ఇరవై ఏడేళ్ల వయసులో దగ్గర నుంచి చూశాడు. గడువు, రేటు, వాయిదా అనే మూడింటి మీదే ఆ ఒప్పందం నిలబడింది.

నాలుగు గంటలు

2016 నవంబరు 8 రాత్రి ఎనిమిది గంటలకు ఐదువందలు, వెయ్యి నోట్లు అర్ధరాత్రి నుంచి చెల్లవన్న ప్రకటన వచ్చినప్పుడు మన జిల్లాల్లో పత్తి తీతలు జోరుగా ఉన్నాయి. తీత కూలీ ఏ పూటకాపూట రొక్కం. రైతు చేతిలో ఉన్నవి రెండే నోట్లు, రెండూ రద్దు. ఏటీఎం నుంచి వచ్చిన కొత్త రెండు వేల నోటును పది మంది కూలీలకు పంచే దారి లేదు. ఆటో కట్టించుకుని పొరుగూరి నుంచి వచ్చిన ఆడవాళ్లకు అరువు చెప్పి పంపిన రోజులు గుర్తున్నవాళ్లు ఊరూరా ఉన్నారు. ఆ నిర్ణయం మంచిచెడ్డల మీద పెద్ద పెద్ద వాదాలు జరిగాయి. పల్నాడులో నిలబడి హాలీ వైపు చూస్తే నాకు తోచేది ఒక్కటే. ఓడిపోయిన శత్రువు నోటు చెలామణికి ఇచ్చిన గడువులో వందో వంతు కూడా మన సొంత నోటు చెలామణికి ఇవ్వలేదు. అదే రెండు వేల నోటును 2023 మేలో వెనక్కి తీసుకున్నప్పుడు నెలల గడువిచ్చారు, చట్టబద్ధత ఉంచారు, ఎవరి పొయ్యీ ఆరలేదు. నిదానంగా చేయడం మనకు తెలుసు, చేసినప్పుడల్లా బాగానే జరిగింది.

మిగిలినవి

సైఫాబాదు పాత టంకశాలలో 2022లో మ్యూజియం తెరిచారు. హాలీ నాణేలు ఎలా అచ్చయ్యేవో చూడాలంటే అక్కడికి వెళ్లొచ్చు. ముంబయిలో రిజర్వు బ్యాంకు మ్యూజియం ఉంది. నాణేల ప్రదర్శనల్లో వెయ్యి రూపాయల ఉస్మానియా నోటు కనబడితే సేకరణకర్తలు చుట్టూ మూగుతారు, మంచిదే. కానీ నోటు ఎలా ఉండేదో దాచిపెట్టిన చోట్లున్నాయి గానీ, నోటు ఎలా మారిందో దాచిపెట్టిన చోటు నాకు కనబడలేదు. ఆ సాక్ష్యం మ్యూజియంలో దొరికేది కాదు. అది ఉంటే గింటే మాచర్ల, గురజాల, దాచేపల్లి, అటు మిర్యాలగూడ, హుజూర్‌నగర్ పాత కోమటింటి అటకల మీద, ఎర్రబట్ట చుట్టిన పద్దు పుస్తకాల్లో ఉంటుంది. ఒక వరసలో హాలీ, పక్కన సర్కారు, మధ్యలో వట్టం. ఏ నెలలో ఏ రేటుకు తీసుకున్నారు, 1948లో ఆరుకు బదులు ఎంత ఇచ్చారు, కాందిశీకుల దగ్గర ఎంత పట్టుకున్నారు, ఎవరు పట్టుకోలేదు, అన్నీ ఆ పుటల్లోనే ఉంటాయి. ఇల్లు పడగొట్టి అపార్టుమెంటు కట్టేటప్పుడు అవి చిత్తుకాగితాల కింద కిలోల లెక్కన పోతున్నాయి.

మీ ఇంట్లో అలాంటి పుస్తకం ఉంటే అమ్మకండి. ముందు ప్రతి పుటకూ ఫోనులో ఫోటో తీయండి, తేదీ కనిపించేలా. ఊరి పేరు, కొట్టు ఏ సరుకుదో ఒక కాగితం మీద రాసి లోపల పెట్టండి. చెదలు పట్టకుండా ఎండ తగలని పొడి చోట ఉంచండి. హైదరాబాదు తార్నాకలో తెలంగాణ రాష్ట్ర పాత పత్రాల భాండాగారం ఉంది, నాగార్జున విశ్వవిద్యాలయంలో చరిత్ర చెప్పేవాళ్లున్నారు. చూపించండి. తొంభై దాటిన పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే, హాలీకి ఎంత ఇచ్చేవారు తాతా అని అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రికార్డు చేయండి. ఈ ఏడాదే అడగండి.